నాలుగు ఛానెళ్ళ నిశ్శబ్దం

వరదరాజుకి వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆంప్లిఫయర్ బ్రహ్మాండంగా ఉందని మీటర్లన్నీ చెబుతున్నాయి. ఒక్క మనిషి మాత్రం బాగాలేదంటున్నాడు.

గుంటూరు ఆటోనగర్‌లో జిలానీ ఉస్తాద్ షెడ్డు తెలియని కారువాళ్ళు లేరు. కారులో పాటల కోసం కొత్త ఆంప్లిఫయర్ కొన్నవాళ్ళు ముందు అక్కడికి తెచ్చి పరీక్ష చేయించుకుని, ఆ తర్వాతే బిగించుకుంటారు. ఉస్తాద్ వాల్వుల మైక్‌సెట్ల కాలం మనిషి. డెబ్బైకి దగ్గరపడ్డాడు.

వరదరాజు ఆయన దగ్గర ఆరేళ్ళుగా పని నేర్చుకుంటున్నాడు. ముప్ఫై దాటినవాడు, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివినవాడు. చేతిలో పనితనం ఉంది, కాదనకూడదు. కాకపోతే తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఆ మూడు కాళ్ళనీ మిల్లీమీటర్లతో సహా కొలిచి, కాగితం మీద రాసి, కింద సంతకం కూడా పెట్టగలడు.

ఉస్తాద్‌కి ఒక అలవాటు ఉంది. వరదరాజు కొలతలన్నీ పూర్తిచేసి, ఆంప్లిఫయర్ని కారులో బిగించాక, ఆయన ఒక్కడే వెళ్ళి ఆ కారులో కూర్చుంటాడు. అద్దాలు ఎత్తేస్తాడు. ఆంప్లిఫయర్ వేస్తాడు గానీ పాట పెట్టడు. పది నిమిషాలు ఊరికే కూర్చుని, దిగివచ్చి, "ఇచ్చెయ్" అనో "మళ్ళీ చూడు" అనో అంటాడు. ఏం విన్నారని అడిగితే చెప్పడు.

పాట లేకుండా వినేదేముంటుందని వరదరాజు లోపల నవ్వుకునేవాడు. పెద్దాయన చల్లగా ఓ కునుకు తీసి వస్తున్నాడని అతని అనుమానం.

ఆ మాఘమాసంలో ఉస్తాద్ మేనకోడలి పెళ్ళికని వినుకొండ వెళ్ళి పది రోజులు ఉండిపోయాడు. సరిగ్గా అప్పుడే వీరరాఘవులు గారి పాత క్వాలిస్ షెడ్డుకి వచ్చింది.

వీరరాఘవులు నాదస్వర విద్వాంసుడు. వయసు యాభై ఎనిమిది. ముహూర్తాల రోజుల్లో మేళాన్ని ఎక్కించుకుని ఊరూరూ తిరుగుతాడు కాబట్టి ఆయన బతుకు సగం కారులోనే గడుస్తుంది. పాత ఆంప్లిఫయర్ కాలిపోయిందని కొత్తది తెచ్చాడు. నాలుగు ఛానెళ్ళది. ముందు తలుపులకి రెండు, వెనక తలుపులకి రెండు.

వరదరాజు దాన్ని బల్ల మీద పెట్టి ఒక పూటంతా పరీక్ష చేశాడు. స్పీకర్ల బదులు లావుపాటి రెసిస్టర్లు తగిలించి, నాలుగు ఛానెళ్ళనీ ఒకేసారి నిండు బలంతో గంటసేపు నడిపాడు. వేడెక్కింది గానీ డీలా పడలేదు. ఒక ఛానెల్ శబ్దం పక్క ఛానెల్‌లోకి ఒలకలేదు. శబ్దాన్ని బొమ్మగా చూపే స్కోపు తెర మీద అల ఎక్కడా నలగలేదు.

చివరికి, పాటేమీ ఇవ్వకుండా, దానంతటది ఎంత రొద చేస్తుందో కొలిచాడు. మీటరు ముల్లు కదల్లేదు. మీటరు చెడిందేమోనని ఇంకొకటి తెచ్చి పెట్టాడు. అదీ కదల్లేదు.

ఎంత మేలైన ఆంప్లిఫయరైనా ఖాళీగా ఉన్నప్పుడు సన్నగా బుసకొడుతుంది. ఇది కొట్టడం లేదు. నాలుగు ఛానెళ్ళూ నాలుగు నూతుల్లా ఉన్నాయి. ఆరేళ్ళలో ఇంత నిశ్శబ్దమైన యంత్రం వరదరాజు చేతికి రాలేదు. ఒళ్ళు పులకరించింది. ఆ సున్నా అంకెని ఎర్ర సిరాతో రాసుకున్నాడు. కారులో బిగించి, "ఇంతకన్నా మంచిది మీకు జిల్లాలో దొరకదు" అని తాళాలు చేతికిచ్చాడు. ఉస్తాద్ ఊళ్ళో లేడు కాబట్టి ఊరికే కూర్చునే పరీక్ష జరగలేదు.

మూడో రోజు వీరరాఘవులు తిరిగి వచ్చాడు.

"బాబూ, ఇందులో మా గురువుగారు వినపట్టం లేదయ్యా."

వరదరాజు కారెక్కాడు. ఆయన క్యాసెట్ పెట్టాడు. తోడి రాగం. నాలుగు తలుపుల్లోంచీ నాదస్వరం ఖంగున మోగింది. పాత టేపుల్లో ఉండే బుస కూడా లేదు, కడిగిన ముత్యంలా ఉంది.

"ఇంత బాగా వినపడుతుంటే ఇంకేం కావాలండీ?"

"సన్నాయి వినపడుతుంది. ఆయన వినపట్టం లేదు."

అప్పుడు చెప్పాడు ఆ క్యాసెట్ సంగతి. వాయించింది ఆయన గురువు ఆదం సాహెబ్. పోయి ఏడాది కావస్తోంది. ఎప్పుడో ఒక పొద్దున ఆయన ఇంటి వసారాలో సాధన చేసుకుంటుంటే, వీరరాఘవులు చిన్న టేప్‌రికార్డర్ మోకాలి పక్కన పెట్టి పట్టుకున్న నలభై నిమిషాలు అవి. డోలు లేదు, జనం లేరు. అందుకని రాగంలో ఒక సంగతి ముగించి ఇంకో సంగతి ఎత్తుకునే మధ్య గురువుగారు ఊపిరి తీసుకోవడం కూడా అందులో పడింది.

నాదస్వరానికి ఊపిరే ప్రాణం. ఆదం సాహెబ్ తోడి ఎత్తుకుంటే ఎక్కడ ఊపిరి తీసుకునేవాడో ఎదురుగా కూర్చున్నవాళ్ళకి కూడా అంతుపట్టేది కాదు. శిష్యులు అడిగితే, "నా ఊపిరి సంగతి నీకెందుకురా, వాయించు" అని కసిరేవాడు. పోయాక ఇక కసిరేవాళ్ళు లేరు. వీరరాఘవులు ఏడాదిగా ప్రయాణాల్లో ఆ క్యాసెట్ వింటూ, ఆ ఊపిరులన్నీ ఒక్కొక్కటీ పోల్చుకుంటూ వస్తున్నాడు. ఒక్క పొడుగాటి సంగతిలోది మాత్రం ఇంకా దొరకలేదు. క్యాసెట్ ఆడే యంత్రం కూడా ఇప్పుడాయనకి ఆ కారులో తప్ప ఇంకెక్కడా లేదు.

"వచ్చే శుక్రవారం మా గురువుగారి వర్ధంతి బాబూ. శిష్యులందరం కలిసి కచేరీ పెట్టాం. ఆ తోడి నేను వాయించాలి. ఇప్పుడేమో ఆ ఒక్కటే కాదు, దొరికినవి కూడా వినపట్టంలా." ఆయన గొంతు తగ్గించాడు. "సంగతి ఆగినప్పుడల్లా ఆయన మళ్ళీ చచ్చిపోతున్నాడు నాయనా."

వరదరాజు ఆ మాట వినలేదని కాదు. విన్నాడు. కానీ మనసులో ఎర్ర సిరా అంకె కదలకుండా కూర్చుని ఉంది. ఆంప్లిఫయర్ని విప్పి మళ్ళీ పూటంతా కొలిచాడు. అవే అంకెలు వచ్చాయి. మళ్ళీ బిగించాడు.

రెండు రోజులకి ఆయన మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే మాట.

"చూడండి రాఘవులు గారూ," అన్నాడు వరదరాజు, కాగితం చూపిస్తూ. "రెండుసార్లు చూశాను. మీటర్లకి మీ మీదా నా మీదా పక్షపాతం ఉండదు. తప్పుగా అనుకోకండి. మీవి నలభై ఏళ్ళు డోలు పక్కన కూర్చున్న చెవులు. వయసొస్తుంటే ముందు పోయేది సన్నటి శబ్దాలే. ఓసారి చెవుల డాక్టరుకి చూపించుకోండి."

వీరరాఘవులు మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"అంతేనంటావా?"

"అంతేనండీ."

ఆయన వెనక్కి తిరిగాడు. వరదరాజు బల్ల మీదకి వంగి, స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకుంటూ, "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని" అని గొణుక్కున్నాడు. గేటు దాకా వెళ్ళిన వీరరాఘవులు ఒక్క క్షణం ఆగాడు. భుజం మీద కండువా సర్దుకుని వెళ్ళిపోయాడు.

బుధవారం పొద్దున ఉస్తాద్ వినుకొండ నుంచి వచ్చాడు. టీ తాగుతూ కూర్చుని ఉండగానే క్వాలిస్ వచ్చి ఆగింది. వీరరాఘవులు దిగి ఆయన ఎదుట స్టూలు మీద కూర్చున్నాడు.

"భాయ్, ఆ కొత్త పెట్టె తీసేయించండి. నాకిక అక్కర్లేదు."

"ఏమైంది?"

"చెవులు పోయినోడికి పాటలెందుకు భాయ్. శుక్రవారం కచేరీ మా సాహెబ్ గారి మనవణ్ణి చెయ్యమన్నా. నా సన్నాయి కూడా సాయంత్రం వాడికే ఇచ్చేస్తున్నా. వినపట్టకుండా వాయించి ఆయన పేరు చెడగొట్టలేను."

"డాక్టరు చెప్పాడా?"

"వెళ్ళలేదు. ఆ మాట ఇంకోసారి వినే ధైర్యం లేదు." వరదరాజు వైపు చూసి నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఈ అబ్బాయి తప్పేం లేదు. కష్టపడి రెండుసార్లు చూశాడు. చెవిటివాడి ముందు శంఖం అన్నాడు. నిజమే అన్నాడు."

వరదరాజు చేతిలో కటింగ్ ప్లయరు అలాగే ఉండిపోయింది. ఆ మాట ఆయన దాకా చేరిందని అతనికి ఇప్పటిదాకా తెలియదు.

ఉస్తాద్ టీ గ్లాసు కింద పెట్టాడు. "సన్నాయి సాయంత్రం దాకా ఎవరికీ ఇవ్వకండి. బండి ఇక్కడ వదిలేసి, ఎదురుగా టీ బంకు దగ్గర కూర్చోండి. పిలుస్తాం."

వీరరాఘవులు రోడ్డు దాటేదాకా ఆగి, ఉస్తాద్ వరదరాజుని అడిగాడు.

"ఆ మాట గట్టిగా అన్నావా?"

"లేదు ఉస్తాద్. నాలో నేనే గొణుక్కున్నా."

"ఆయన ఎక్కడున్నాడప్పుడు?"

"గేటు దగ్గర."

ఉస్తాద్ బల్లనీ గేటునీ ఒకసారి చూశాడు. మధ్యలో ముప్ఫై అడుగులుంటాయి, పక్కన ఎయిర్ కంప్రెసర్ ఎప్పుడూ ఆడుతూనే ఉంటుంది. వరదరాజు కూడా చూశాడు. తల వంచుకున్నాడు.

"పద, బండిలో కూర్చుందాం," అన్నాడు ఉస్తాద్.

ఆరేళ్ళలో ఆయన అతన్ని పక్కన కూర్చోబెట్టుకోవడం అదే మొదలు. ఇద్దరూ ముందు సీట్లలో కూర్చున్నారు. అద్దాలు ఎత్తేశారు. ఉస్తాద్ ఆంప్లిఫయర్ వేశాడు. క్యాసెట్ పెట్టలేదు.

"విను."

వరదరాజు తలుపు దగ్గర స్పీకరుకి చెవి ఆనించాడు. వెనక్కి వంగి వెనక తలుపులవీ విన్నాడు.

"ఏం వినపడుతోంది?"

"ఏమీ లేదు ఉస్తాద్." అంత సిగ్గులోనూ అతని గొంతులో ఓ రవ్వ గర్వం తొంగిచూసింది. "అదే దీని గొప్ప. ఇంత నిశ్శబ్దం నేనెక్కడా చూళ్ళేదు."

ఉస్తాద్ తలూపాడు. సీటుకి జారగిలబడి కళ్ళు మూసుకున్నాడు. ఆయన వింటున్నాడనుకుని వరదరాజు కూడా కదలకుండా కూర్చున్నాడు.

కాసేపు గడిచింది. ఎందుకో వరదరాజుకి ఆయన చొక్కా మీద చూపు పడింది. గుండీల దగ్గర గుడ్డ కదలడం లేదు. మొహం చూశాడు. పెదవులు బిగుసుకుని ఉన్నాయి. మెడ మీద నరాలు తేలాయి. చెంపలు ఎర్రబడి, నల్లబడుతున్నాయి.

"ఉస్తాద్?"

పలకలేదు.

"ఉస్తాద్! ఉస్తాద్!" భుజం పట్టుకుని గట్టిగా కుదిపాడు.

ఉస్తాద్ నోరు తెరిచి ఒక్కసారిగా ఊపిరి వదిలాడు. దగ్గాడు. మళ్ళీ పీల్చుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే నవ్వాడు.

"ఏం, భయపడ్డావే? నిశ్శబ్దంగానే ఉన్నాగా."

వరదరాజు మెల్లగా తల తిప్పి, సీటు కింద మెరుస్తున్న ఆంప్లిఫయర్ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

తర్వాత అతనే క్యాసెట్ పెట్టాడు. స్పీకరుకి చెవి ఆనించి, ఒక సంగతి చివరిదాకా విన్నాడు. స్వరం సన్నబడింది. ఇంకా సన్నబడింది. అక్కడ అది కరిగిపోవాలి. కరగలేదు. ఎవరో తలుపు వేసినట్టు ఆగిపోయింది. కడిగిన ముత్యమని తాను మెచ్చుకున్నది దీన్నే.

పెట్టెని బల్ల మీదకి తెచ్చి మూత విప్పాడు. ఈసారి నిండు బలంతో నడపలేదు. శబ్దాన్ని కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోయాడు. ఒక హద్దు దగ్గర స్కోపు తెర మీద అల ఉన్నట్టుండి గీతైపోయింది. నాలుగు ఛానెళ్ళలోనూ అంతే. కంపెనీవాడు తెలివిగా పెట్టిన చిన్న సర్క్యూటు అది. శబ్దం ఆ హద్దు కన్నా తగ్గితే అదంతా రొదేనని తీర్మానించుకుని నాలుగు నోళ్ళూ మూసేస్తుంది. పాట లేనప్పుడు వరదరాజు రెండు పూటలు శ్రద్ధగా కొలిచింది ఆ మూసిన నోటినే.

ఉస్తాద్ పక్కనే నిలబడి చూస్తున్నాడు. వరదరాజు సోల్డరింగ్ ఐరన్ వేడిచేసి, ఆ సర్క్యూటుకి వెళ్ళే తీగ ఊడదీశాడు. మూత బిగించి, పెట్టెని మళ్ళీ కారులో పెట్టి, క్యాసెట్ వేశాడు.

ముందుగా బుస వినపడింది. సన్నగా, నాలుగు తలుపుల్లోంచీ. మామూలుగా అయితే అతను మొహం చిట్లించేవాడు. దాని వెనకాల నాదస్వరం మొదలైంది. సంగతి చివరికి వచ్చింది, సన్నబడింది, కరిగింది. అది కరిగిపోయిన చోట ఒక వసారా ఉంది. దూరంగా ఎక్కడో బిందె పెట్టిన చప్పుడు. కాకి ఒకటి అరిచింది. అప్పుడు, చాలా దగ్గరగా, ఒక ముసలాయన ముక్కుతో ఊపిరి తీసుకున్నాడు.

వరదరాజు చటుక్కున వెనక్కి తిరిగి చూశాడు. వెనక సీటు ఖాళీగా ఉంది.

చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. నాలుగు తలుపుల్లోంచీ ఒక్క మనిషి ఊపిరి. ఏడాది కిందట పోయిన మనిషిది. కాస్త బొంగురుగా, పొడి దగ్గు అణుచుకున్నట్టుగా, బతికున్నవాళ్ళ ఊపిరి ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. అతనికి భయం వేసింది. ఆ వెనకే సిగ్గు వేసింది. ఈ కారులో ఇన్నాళ్ళూ ఇంకో మనిషి ఉన్నాడా అనిపించింది. ఈ మనిషిని వారం రోజులపాటు తన చేత్తో నోరు మూసి కూర్చోబెట్టాడు. ఆయన్ని వెతుక్కుంటూ వచ్చినవాణ్ణి చెవిటివాడన్నాడు.

ఉస్తాద్ వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. రోడ్డు వైపు చూపించాడు.

వరదరాజు తానే రోడ్డు దాటి టీ బంకు దగ్గరికి వెళ్ళాడు. చెప్పాల్సింది చాలా ఉంది. "రండి" అన్నమాట ఒక్కటే వచ్చింది.

వీరరాఘవులు డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. వరదరాజు ఆయన పక్కన కూర్చుని అద్దాలు ఎత్తి, క్యాసెట్ వేశాడు. మొదటి ఊపిరికే ఆయన రెండు చేతులూ స్టీరింగ్ మీద పడ్డాయి. రెండో ఊపిరికి కళ్ళు మూసుకున్నాడు. బుగ్గల మీదుగా నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. ఆయన వేళ్ళు మాత్రం స్టీరింగ్ మీద, సన్నాయి రంధ్రాల మీద ఆడినట్టు ఆడుతున్నాయి.

ఇరవై నిమిషాల తర్వాత ఆ పొడుగాటి సంగతి వచ్చింది. స్వరం కింద నుంచి ఎక్కుతోంది. ఎక్కుతూనే ఉంది. పై దాకా వెళ్ళి దిగేటప్పుడు ఎక్కడో తీసుకుంటాడని వీరరాఘవులు ఏడాదిగా అక్కడే వెతుకుతున్నాడు. ఆయన వేళ్ళు ఉన్నట్టుండి ఆగిపోయాయి. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. మళ్ళీ తిప్పాడు.

దిగేటప్పుడు కాదు. ఎక్కేటప్పుడే, సరిగ్గా నడిమెట్టు మీద, ఎవ్వరూ సాహసించని చోట, గుక్కెడంత ఊపిరి ఉంది. ముందు స్వరం మోత ఇంకా ఆరకముందే దాని చాటున తీసేసుకున్నాడు మహానుభావుడు.

"భాయ్," అన్నాడు వీరరాఘవులు, అద్దంలో ఉస్తాద్‌ని చూస్తూ. "సన్నాయి ఎవరికీ ఇవ్వను. శుక్రవారం నేనే వాయిస్తా."

ఉస్తాద్ తలూపాడు.

వీరరాఘవులు మళ్ళీ వెనక్కి తిప్పి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ ఆ సంగతి ఎక్కడం మొదలుపెట్టింది. వరదరాజుకి ఇక ఉగ్గబట్టుకోవడం చేతకాలేదు. చేతులు జోడించి ఆయన వైపు తిరిగాడు.

"రాఘవులు గారూ, ఆ రోజు నేనన్న మాట... నా చెవులకే..."

వీరరాఘవులు కళ్ళు తెరవకుండానే చూపుడువేలు పైకెత్తాడు.

"ఆగు నాయనా. గురువుగారు ఊపిరి తీసుకుంటున్నారు."